ఆడిటర్ ఇంటి బోణీ

2022 జూలైలో, మామిడి సీజన్ చివరి లారీలు పాలక్కోడు రోడ్డు మీద ఇంకా వరసగా నిలబడి ఉన్న రోజుల్లో, మా వృత్తి సంస్థకు చెందిన పీర్ రివ్యూ బోర్డు నాకు తమిళనాడులోని ధర్మపురిలో ఒక పని అప్పగించింది. చెన్నైలో ముప్పై ఏళ్ళకు పైగా ఆడిట్ ప్రాక్టీసు చేసి, ఫర్మ్ బాధ్యతలు భాగస్వాములకు అప్పజెప్పి, ఇక హాయిగా ఇంట్లో కూర్చుందామని నిర్ణయించుకున్నదాన్ని. నెల తిరక్కుండానే ఆ హాయి మీద నాకు విసుగు పుట్టింది, నా మీద ఇంట్లో వాళ్ళకూ పుట్టింది. అందుకని రివ్యూయర్ల జాబితాలో పేరు ఎక్కించుకున్నాను.

పీర్ రివ్యూ అంటే ఆడిటర్‌ను ఆడిట్ చేయడం. కంపెనీ లెక్కలు చూసి సంతకం పెట్టే చార్టర్డ్ అకౌంటెంట్ ఆ సంతకానికి ముందు చేయవలసిన పనంతా చేశారా లేదా అని, అదే వృత్తిలో ఉన్న మరొకరు వెళ్ళి చూస్తారు. స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదు కావాలనుకునే కంపెనీ గత మూడేళ్ళ లెక్కలను ఒకే పద్ధతికి తెచ్చి చూపించాలి. వాటిని రీస్టేటెడ్ లెక్కలు అంటారు. ఆ లెక్కల మీద రిపోర్టు ఇచ్చే ఆడిటర్‌కు పీర్ రివ్యూ సర్టిఫికెట్ ఉండి తీరాలి. ఎంత పేరున్నవారైనా సరే, అది లేకపోతే ఆ సంతకం చెల్లదు.

రివ్యూ చేసేవాళ్ళకు కూడా శిక్షణ, పరీక్ష ఉంటాయి. అరవై దాటిన మనుషులం హాల్ టికెట్టు చేతబట్టుకుని వెళ్ళి, జీవితమంతా చేసిన పని గురించి నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టి వచ్చాం. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పరీక్ష అయ్యాక మూడో ప్రశ్నకు జవాబేమిటని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. తరువాత ఇద్దరం పాసయ్యామని తెలిసింది.

ధర్మపురిలో నేను చూడవలసిన ప్రాక్టీసు సుగుణ అనే యువతిది. (పేర్లు మార్చాను. రాయడానికి వాళ్ళ అనుమతి తీసుకున్నాను.) వాళ్ళది తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు వ్యాపారుల కుటుంబం. బజారు వీధిలో కింద అత్తగారి కిరాణా అంగడి, పైన మేడ మీద కోడలి ఆఫీసు. భర్తకు హోసూరులో ఉద్యోగం, వారానికొకసారి వస్తాడు. ఒక చిన్న కూతురు. సుగుణ క్లయింట్లలో మహేంద్రమంగళం దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. ఆ కంపెనీ ఎక్స్ఛేంజిలో చిన్న కంపెనీల విభాగంలో నమోదు కావాలని నిశ్చయించుకుంది. మొదటి ఏడాది నుంచీ దాని లెక్కలు చూసింది సుగుణే. సర్టిఫికెట్ వస్తే రిపోర్టు మీద సంతకం ఆమెది. రాకపోతే షేర్ల ఇష్యూ నడిపించే మర్చంట్ బ్యాంకర్ బెంగళూరు ఫర్మ్ ఒకదాన్ని సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. ఒకసారి వాళ్ళు లోపలికి వస్తే క్లయింటు ఇక వాళ్ళదే అవుతుందని ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

ఈ సర్టిఫికెట్ కోసం ఆమె శని, ఆదివారాలు సేలం వెళ్ళి శిక్షణ తరగతులకు హాజరైంది. వాటిలో రెండు తరగతులు నేనే చెప్పాను. హాలు నిండా జనం, ఆమె ముఖం నాకు గుర్తులేదు. అయినా బోర్డుకు ఇచ్చే డిక్లరేషన్‌లో ఆ సంగతి రాశాను. బోర్డు వారు పరవాలేదన్నారు. రివ్యూయర్‌కూ రివ్యూ చేయించుకునేవారికీ ఏ సంబంధం ఉన్నా ముందే చెప్పడం మా పద్ధతి.

ఈ పద్ధతితో ధర్మపురిలో నాకు కష్టాలు మొదలయ్యాయి. రివ్యూయర్ ఆతిథ్యం పుచ్చుకోకూడదు. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను, టిఫిను బయట తిన్నాను. మొదటిరోజు పొద్దున అంగడి ముందు ఆటో దిగగానే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అత్తగారు, రంగనాయకమ్మ గారు, నన్ను చూసి లేచి నిలబడ్డారు. నా ఈడు మనిషి.

"రాండక్కా, రాండి. ఇడ్లీ తినేసి పైకి పోదురు."

తినేసి వచ్చానన్నాను.

"యాడ తిన్న్యారు? హోటల్లోనా? మా ఇల్లు ఉండగా హోటల్లో తినేదేమి?"

నియమం అలాంటిదని చెప్పాను. ఆమెకు ఆ నియమం ఏమాత్రం నచ్చలేదు. మూడు రోజులూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఏదో ఒకటి మెట్లెక్కి పైకి రావడం, నేను చేతులు జోడించి వెనక్కి పంపడం జరిగింది. మసాలా వడల వాసన వచ్చినప్పుడు మాత్రం వృత్తి ధర్మం మీద నాకు మనసులో చాలా కోపం వచ్చింది.

పని విషయానికి వస్తే, రివ్యూకు ఒక క్రమం ఉంది. ముందు ప్రాక్టీసు వాళ్ళు ప్రశ్నావళి నింపి పంపుతారు. అందులోంచి కొన్ని ఆడిట్లను నమూనాగా నేను ఎంచుకుంటాను. తరువాత వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి ఫైళ్ళు చూస్తాను, మనుషులతో మాట్లాడతాను. నేను కనిపెట్టిన లోపాలు ముందు ప్రాథమిక నివేదికగా వాళ్ళకే వెళతాయి. వాళ్ళు జవాబు చెప్పుకున్నాక తుది నివేదిక బోర్డుకు వెళుతుంది. సర్టిఫికెట్ ఇవ్వడం, ఇవ్వకపోవడం బోర్డు చేతిలో ఉన్నా, అది నా నివేదికను బట్టే ఉంటుంది. ఇంకో నియమం కూడా చెప్పాలి. రివ్యూయర్ తప్పు చూపించాలి గానీ, ఎలా దిద్దుకోవాలో సలహా ఇచ్చి తానే ఆ పనిలో దిగకూడదు. నాలాంటి నోరున్న మనిషికి ఇది వడల నియమం కంటే కష్టం.

సుగుణ ఫైళ్ళు బాగున్నాయి. చాలా బాగున్నాయి అనాలి. మామిడి గుజ్జును గాలి చొరబడని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడతారు. మార్చి ముప్పైఒకటిన నిల్వ సరిచూడాలంటే డ్రమ్ములు లెక్కపెట్టడం సులువే. లోపల ఉన్నది తోతాపురి గుజ్జా, పంచదార నీళ్ళా అన్నదే అసలు ప్రశ్న. సంచి తెరిస్తే గుజ్జు నిలవదు, అందుకని యజమానులు తెరవనివ్వరు. ఆడిటర్లు చాలామంది పైన అంటించిన చీటీ చదివి వచ్చేస్తారు. సుగుణ మాత్రం తాను వేలు పెట్టి చూపించిన డ్రమ్ములను తెరిపించి, నమూనాలు ల్యాబుకు పంపించింది. తెరిచిన గుజ్జును ఆ రోజే జ్యూసు అంగళ్ళకు అమ్మించింది. యజమాని గోవిందరాజులు గారు తన అభ్యంతరాన్ని కాగితం మీద పెట్టారు. ఆ కాగితం కూడా ఫైలులో ఉంది. ఆయన వీళ్ళకు దూరపు బంధువు, ఆమె ఆయనను మామా అని పిలుస్తుంది. మామా అని పిలుస్తూనే ఆయన చేత డ్రమ్ములు తెరిపించిన పిల్ల కదా అనుకున్నాను. ఆ సాయంత్రం లాడ్జికి వెళుతూ ఈ రివ్యూ నల్లేరు మీద నడకేనని లెక్క వేసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం సబ్బు కొనడానికి కిందికి దిగాను. కొనడం తప్పు కాదు, డబ్బులిచ్చి బిల్లు తీసుకుంటే చాలు. రంగనాయకమ్మ గారు సబ్బు కాగితంలో చుడుతూ సంతోషంగా మాట్లాడుతున్నారు. కోడలు ఇంత చదివిందనీ, గోవిందరాజులు కంపెనీ పేపర్లలో పడుతుందనీ, ఈ వీధికే గొప్పనీ చెప్పి, చివరికి ఇలా అన్నారు:

"ఆ పంగు అమ్మే దినము మొదటి బోణీ మా ఇంటిదే అక్కా. నా కోడలి చేత్తోనే. ఈ వీధిలో ఎవురు యాపారం తెరిచినా మా ఇంటి కోడలే మొదట పోయి కొనాల. నేను వచ్చినప్పుడు నేను పోయినాను. ఇప్పుడు సుగుణ పోతాది."

పంగు అంటే అక్కడి మాటలో వాటా, షేరు. నా చేతిలో సబ్బు అలాగే ఉండిపోయింది.

ఎంత అని అడిగాను. ఒక లాట్ అట. అంటే ఒకసారి అప్లై చేయగలిగిన కనీసపు షేర్లు. సుగుణ పేరున. డబ్బు విడిగా తీసి పెట్టేశారట.

మా నియమాల్లో ఇంతకంటే సూటిగా ఉన్న నియమం ఇంకొకటి లేదు. తాను ఆడిట్ చేసే కంపెనీలో ఆడిటర్ పేరున ఒక్క షేరు కూడా ఉండకూడదు. దగ్గరి బంధువుల విషయంలో చట్టం ఒక పరిమితి వరకు ఒప్పుకుంటుంది. ఆడిటర్ విషయంలో ఒప్పుకోదు. కొన్న క్షణం నుంచి ఆమె ఆ కంపెనీకి ఆడిటర్‌గా ఉండడానికి అనర్హురాలు. ప్రశ్నావళిలో స్వతంత్రత గురించి, అంటే క్లయింటుతో ఆడిటర్‌కు ఏ స్వార్థమూ లేకపోవడం గురించి, అడిగే చోట, క్లయింట్లలో ఎక్కడైనా పెట్టుబడి ఉందా, పెట్టే ఉద్దేశం ఉందా అన్న ప్రశ్నకు సుగుణ లేదు, లేదు అని రాసి సంతకం చేసింది.

పైకి వెళ్ళి సుగుణను అడిగాను. ఆమె కళ్ళలో దాపరికం వెతికాను, దొరకలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"అది షేరు కొనేది కాదు మేడమ్. బోణీ."

"షేరు కొనకుండా షేరు బోణీ ఎలా చేస్తావమ్మా?" అన్నాను.

ఆమె గోడకు ఆనుకుని కుర్చీలో మెల్లగా కూర్చుంది. సేలం తరగతిలో నేను చెప్పిన స్వతంత్రత పాఠం మొత్తం రాసుకున్న పిల్ల అది. పెట్టుబడి అంటే లాభం కోసం పెట్టేదని, బోణీ అంటే మర్యాద కోసం చేసేదని ఆమె మనసులో రెండూ వేరువేరు అరల్లో ఉన్నాయి. ఆ రెండూ ఒకే డీమ్యాట్ ఖాతాలోకి వస్తాయన్న సంగతి ఆ నిమిషం వరకు తట్టలేదు. ఇలాంటి పొరపాటు ముంబైలో ఎవరూ చేయరు. అక్కడ బోణీ కోసం లక్ష పైచిలుకు పక్కన పెట్టే అత్తగారు దొరకరు.

"ఇప్పుడు మీరేం రాస్తారు మేడమ్?"

ఉన్నది రాస్తానన్నాను. ఇంకా కొనలేదు కనుక ఉల్లంఘన జరగలేదు. ఉద్దేశం ఉంది, అది నాకు తెలిసింది. ఆ ఉద్దేశం అలాగే ఉంటే సర్టిఫికెట్‌కు అనుకూలంగా రాయలేను. ఏం చేయాలో మాత్రం చెప్పలేను. ఆ మాట అంటుంటే నాకు బాధ వేసింది. దాచుకోవలసిన పని లేదు, చాలా బాధ వేసింది.

సుగుణ కిందికి వెళ్ళింది. పది నిమిషాల తరువాత రంగనాయకమ్మ గారి గొంతు మేడ మీదికి వినిపించింది. తరువాత మెట్ల మీద అడుగుల చప్పుడు. ముందు అత్తగారు, వెనక కోడలు, వాళ్ళ వెనక చెమట తుడుచుకుంటూ గోవిందరాజులు గారు. ఆయనకు ఫోను వెళ్ళిందట. లావుపాటి మనిషి, తెల్లచొక్కా, నుదుట నామం. క్లయింట్లతో రివ్యూయర్ మాట్లాడే పద్ధతి లేదు కనుక, నేను బయటికి వెళతానని లేచాను.

"కూచోండక్కా, నిప్పు పెట్టింది మీరే" అన్నారు రంగనాయకమ్మ గారు. కూర్చున్నాను.

ఆమె బాధ విన్నాక నాకు అది మొండితనం అనిపించలేదు. ఆ వీధిలో ఆమెది పాత అంగడి. ఎవరు కొత్త వ్యాపారం మొదలుపెట్టినా ఆ ఇంటి కోడలు వెళ్ళి మొదటి కొనుగోలు చేస్తేనే మిగతా ఇళ్ళు కదులుతాయి. ఆ వీధి మనిషే అయిన గోవిందరాజులు ఫ్యాక్టరీ తెరిచిన రోజు ఇంటిల్లిపాదీ వెళ్ళారు. కొనడానికి అక్కడ ఏమీ లేదు. ఉన్నవన్నీ విదేశాలకు పోయే డ్రమ్ములు. బోణీ చేయకుండానే తిరిగొచ్చారు. అది ఇన్నేళ్ళుగా ఇద్దరి మనసుల్లోనూ ముల్లులాగా ఉండిపోయింది. ఆయన ఈ వీధికి అమ్మబోయే మొదటి వస్తువు ఈ షేర్లే. దానికి కూడా వెళ్ళకపోతే ఎలా?

"ఇంకొకటి చెప్తాను వినండి" అన్నారు ఆమె నాతో. "కణక్కు చూసినది నా కోడలు. ఆ కోడలే కొనకపోతే వీధి ఏమనుకుంటాది? లోపల ఏందో ఉండాది, ఆ పిల్లకి తెలుసు, అందుకే కొనలే అంటారు గదా? నా కోడలు తన కణక్కును తానే నమ్మలే అన్నట్టు కాదా?"

కణక్కు అంటే అక్కడి మాటలో లెక్కలు. సేలంలో, చెన్నైలో, ఇంకెన్నో చోట్ల స్వతంత్రత గురించి పాఠాలు చెప్పాను. కొనకపోవడం అపనమ్మకంగా కనిపించే ఊళ్ళో ఏం చేయాలని ఎవరూ నన్ను అడగలేదు.

అప్పుడు గోవిందరాజులు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన మంచి మనిషే. గొడవ తీర్చుదామనే అన్నారు.

"ఇంత గలాటా యాల అక్కా? సంతకం ఎవురు పెట్టినా సంతకమే. బెంగళూరు వాళ్ళతోనే పెట్టించుకుంటాను. బోణీ మాత్రము మీ ఇంటిది కావాల."

రంగనాయకమ్మ గారి ముఖం విచ్చుకుంది. సుగుణ ముఖం పాలిపోయింది. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. కోపం కాదు, ఏడుపు వచ్చింది. దాన్ని మింగుకుని మెల్లగా మాట్లాడింది.

"ఎవురు పెట్టినా ఒకటేనా మామా? మార్చి ఎండలో ఆ రేకుల గోడౌన్లో డ్రమ్ము డ్రమ్మూ తట్టి చూసినది ఎవురు? మీరు నాతో నెల దినాలు మాట్లాడకుండా ఉన్న్యారు, అప్పుడు కూడా వచ్చి పని చేసినాను. పిల్లను అత్త దగ్గర పెట్టి వారం వారం సేలం పోయినాను. బోణీకి నా చెయ్యి కావాల, సంతకానికి వద్దా?"

గోవిందరాజులు గారు చేతిరుమాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టారు. నేను ఫైలులో తలదూర్చి, చదివిన పేజీనే మళ్ళీ చదివాను. నాకున్న స్వతంత్రత అంతా ఆ కాస్సేపట్లో కరిగిపోయే స్థితికి వచ్చింది. ఆ పిల్ల పక్కన నిలబడి వాదించాలనిపించింది.

సుగుణ కళ్ళు తుడుచుకుని అత్తగారి వైపు తిరిగింది.

"అత్తా, ఇనప అంగడి తెరిచినప్పుడు నేను పోయి ఏమి కొన్న్యాను?"

"మేకులు."

"బట్టలంగడికి?"

"తువ్వాలు కొన్న్యావు. అదిగో, ఇంకా ఉండాది."

"ఇనప అంగడిలో వాటా కొన్న్యామా? బట్టలంగడికి మనము యజమానులు అయినామా?"

కోడలు ఎక్కడికి తీసుకుపోతోందో రంగనాయకమ్మ గారికి అర్థమైంది. వ్యాపారం చేసే మనిషి కదా, వెంటనే ఒప్పుకోవడం అలవాటు లేదు.

"వాళ్ళు అమ్మేది మనము కొంటాము, అదే బోణీ" అంది సుగుణ. "మామ అమ్మేది ఏమి? మామిడి గుజ్జు. ఆ పంగు కాగితాలు ఆయన సరుకు కాదు అత్తా, ఆయన అంగడి. అంగడినే ఎవురన్నా బోణీకి కొంటారా?"

"గుజ్జు డ్రమ్ముల్లో గదా ఉండేది" అన్నారు అత్తగారు. "డ్రమ్ము కొని నేనేమి చేసేది?"

"హోటళ్ళకు డబ్బాలు కడతాండారు మామ, పోయిన ఏడు నుంచి. ఆ కణక్కు నేను చూడలేదా? ఆ డబ్బాలు ఈ వీధికి తెచ్చి అమ్మమను. మొదటి డబ్బా నేను కొంటాను."

గోవిందరాజులు గారు తలెత్తారు. డబ్బాల సంగతి ఆయన ఎప్పుడూ అలా ఆలోచించినట్టు లేదు. అవి హోటళ్ళ ఆర్డరు, అంతే. వీధిలో అమ్మడం ఆయనకు తోచలేదు.

రంగనాయకమ్మ గారు నా వైపు చూశారు. "ఇది తప్పా అక్కా?"

నియమం ఏమిటని అడిగితే చెప్పవచ్చు, అది సలహా కాదు. నలుగురికీ అమ్మే సరుకును, నలుగురూ ఇచ్చే ధరకు, బిల్లుతో ఆడిటర్ కొనుక్కుంటే ఏ నియమమూ అడ్డు చెప్పదన్నాను. ధర తగ్గించి ఇస్తే మాత్రం వేరే సంగతి అన్నాను. ఇంతకంటే పొట్టి జవాబు నేను నా జీవితంలో ఇవ్వలేదు. లోపల ఎంత సంతోషంగా ఉందో పైకి కనపడకుండా పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాను.

"అట్లంటే రేపే" అన్నారు ఆమె. "నల్ల నేరం చూసి చెప్తాను. మామిడి పంట అయిపోకముందే జరగాల." నల్ల నేరం అంటే అక్కడ మంచి ముహూర్తం.

మూడోరోజు పొద్దున నేను మేడ మీద ఫైళ్ళు ముగిస్తుండగా ఫ్యాక్టరీ వ్యాను వచ్చి అంగడి ముందు ఆగింది. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. అది రివ్యూలో భాగం కాదు, నా సరదా. వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. బల్ల మీద డబ్బాలు పేర్చారు. ఒక్కొక్కటి మూడు కిలోల పైమాట, వెండిలాగా మెరుస్తున్నాయి. సుగుణ పట్టుచీర కట్టుకుని వచ్చి, డబ్బా ధర అడిగి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, బిల్లు ఇమ్మంది.

గోవిందరాజులు గారు బిల్లు రాసి, డబ్బా ఇచ్చి, దాని మీద ఇంకో డబ్బా పెట్టారు. కొసరు. బోణీ చేసినవాళ్ళకు కొసరు ఇవ్వకపోతే అక్కడ వ్యాపారి కాడు. సుగుణ రెండో డబ్బాను బల్ల మీదికి తోసింది. ఆయన మళ్ళీ ఇటు తోశారు. ఆమె మళ్ళీ అటు తోసింది. అంత బరువు డబ్బా ఇద్దరి మధ్యా జారుతుంటే వీధి మొత్తం నవ్వుతోంది. చివరికి రంగనాయకమ్మ గారు వెళ్ళి ఆ డబ్బాను ఆయన చేతుల్లో పెట్టి, అందరికీ వినపడేలా అన్నారు:

"నీ పంగు అమ్మే దినము మా కోడలు రాదు. ఇప్పుడే చెప్తాండాను, అప్పుడు ఎవురూ ఏమీ అనుకోవద్దు. పట్టుగూళ్ళ మార్కెట్లో తూకం యేసేవాడు ఏలం పాడతాడా? నా కోడలు నీకు తూకం యేసే మనిషి. తూకం బాగుండాది కాబట్టే నీ సరుకు కొన్న్యాము."

ఆ తరువాత మిగతా ఇళ్ళ కోడళ్ళు వరసగా వచ్చారు. వ్యాను ఖాళీ అయింది. దగ్గర్లోని ఇండూరులో అంగడి ఉన్న ఒకాయన అక్కడే నిలబడి తనకు నెలనెలా పంపుతారా అని అడిగాడు. గోవిందరాజులు గారు ఆ రోజు నుంచి డబ్బాలు ఊళ్ళో కూడా అమ్మడం మొదలుపెట్టారు. నేను కిందికి దిగి అందరూ ఇచ్చిన ధరకే ఒక డబ్బా కొని, బిల్లు జాగ్రత్త చేసుకున్నాను. బస్సులో చెన్నై దాకా దాన్ని ఒళ్ళో మోసుకెళ్ళడం మరో కథ.

నివేదిక సంగతి. జరిగినదేదీ దాచలేదు. ప్రాథమిక నివేదికలో ఇలా రాశాను: ప్రాక్టీసు స్వతంత్రత విధానంలో కుటుంబ ఆచారాల వల్ల వచ్చే కొనుగోళ్ళ ప్రస్తావన లేదు. ఒక సందర్భంలో అలాంటి ఉద్దేశం ఉండి, రివ్యూ సమయంలోనే విరమించుకోబడింది. సుగుణ జవాబులో తప్పు ఒప్పుకుని, కొత్త విధానం జతచేసింది. ఆఫీసులోని ఇద్దరు అసిస్టెంట్ల చేత కూడా సంతకాలు చేయించింది. వాళ్ళూ ఆ వీధి కోడళ్ళే. తుది నివేదికలో అభ్యంతరం లేదని రాశాను. బోర్డు నుంచి ఒకసారి ఫోను వచ్చింది, ఆచారాల వల్ల వచ్చే కొనుగోళ్ళంటే ఏమిటని. వివరించాను. అవతల ఉన్న అధికారి తమ ఊళ్ళో కూడా ఇలాంటిదే ఒకటి ఉందన్నాడు. సర్టిఫికెట్ వచ్చింది. రీస్టేటెడ్ లెక్కల మీద సుగుణ సంతకం చేసింది. ఇష్యూ పూర్తిగా నిండింది. కోడలు ఎందుకు కొనలేదని వీధిలో ఒక్కరూ అడగలేదట.

అంతకు ముందు శిక్షణ తరగతుల్లో స్వతంత్రత పాఠాన్ని చట్టంలోని నిర్వచనంతో మొదలుపెట్టేదాన్ని. ధర్మపురి తరువాత, చెప్పడం మానేసేవరకు, ఒక ప్రశ్నతో మొదలుపెట్టాను: ఈ పని ఒప్పుకున్నట్టు, దానివల్ల మీరు ఏమేం చేయకూడదో ఇంట్లో చెప్పారా? ప్రతి తరగతిలోనూ సగానికి పైగా తలలు వంగేవి. ఆడిటర్ స్వతంత్రతను క్లయింటు చెడగొడతాడని మాకు నేర్పారు. నా అనుభవంలో దాన్ని చెడగొట్టగలిగింది ఎక్కువగా ఆడిటర్ మేలు కోరేవాళ్ళే, అదీ మంచి మనసుతోనే. వాళ్ళను ఒప్పించిన తరువాతే డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి.